పాప మొదటి పుట్టినరోజు: కేకు కోస్తే ఫరో పండగ చేసినట్టా?

కొవ్వూరు కోడలు

అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

వచ్చే నెల 14న మా పాపకి ఏడాది నిండుతుంది. మా అత్తగారివాళ్ళు లూథరన్ సంఘం. వాళ్ళకి డిసెంబర్ మొదలవ్వగానే ఇంటి మీద స్టార్ వెలగాలి, ఎవరి పుట్టినరోజైనా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చెయ్యాలి, కేకు కొయ్యాలి, పదిమందికీ భోజనం పెట్టాలి. మా పుట్టింటివాళ్ళు బ్రదరన్ సంఘం, నర్సాపురం వైపు. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికీ పుట్టినరోజు చెయ్యలేదు, డిసెంబర్ 25న కూడా అమ్మ మామూలుగా పప్పూ చారూ పెట్టేది. ఈ మాట చెప్తే మా ఆయన ఇప్పటికీ నమ్మడు.

మామగారు ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. పిలుపుల్లో మొదటి ఫోన్ మా పెదనాన్నకి చేశాను. ఆయన సంఘ పెద్ద, నాన్న పోయాక నాకు నాన్నలాంటివారు. అంతా విని కాసేపు ఊరుకుని, "బైబిల్లో పుట్టినరోజు చేసుకున్నవాళ్ళు ఇద్దరేనమ్మా, ఫరో, హేరోదు అనే రాజులు. రెండుచోట్లా ఒకడి ప్రాణం పోయింది. పసిపిల్లకి అదెందుకు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఫోన్ స్పీకర్లో ఉంది, పక్కనే ఉన్న అత్తగారు విన్నారు. "అయితే మేమందరం అన్యులమా?" అని ఆవిడ. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే టెన్షన్.

దీనికి తోడు మా మరిది వాట్సాప్‌లో రోజుకొకటి పంపిస్తున్నాడు, క్రిస్మస్ అంటే రోమావాళ్ళ సూర్యుడి పండగ అని, ఈస్టర్ అంటే బబులోనువాళ్ళ ఇష్తార్ దేవత అని, కేకు మీద కొవ్వొత్తులు కూడా ఏదో దేవతకి పెట్టినవే అని. ఏది నిజమో ఏది గాలివార్తో నాకు తెలియట్లేదు.

ఇంకొకటి, ఇది ఎవరికీ చెప్పలేదు. మొన్న సంక్రాంతికి పక్కింటి పిన్నిగారు మా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాళ్ళ మనవరాలితో పాటే భోగిపళ్ళు పోసేశారు. ఆవిడకి మా పాపంటే ప్రాణం. వద్దనలేకపోయాను, అలా నిలబడిపోయాను. పాప మాత్రం రేగుపళ్ళు ఏరుకుని ఒకటే నవ్వు.

ఎవరినీ తిట్టకుండా చెప్పండి. ఒక ఆచారం మొదలు ఎక్కడో అన్యుల దగ్గర ఉంటే, ఇప్పుడు మనం చేసుకోవడం తప్పేనా?

వాక్యమే దీపం

సిస్టర్, మీ పెదనాన్నగారు చెప్పింది వాక్యమే. ఆదికాండము 40:20 చూడండి, ఫరో జన్మదినాన పానదాయకుడికి, అంటే రాజుకి ద్రాక్షారసం అందించేవాడికి, ఉద్యోగం తిరిగొచ్చింది, వంటలు చేసే భక్ష్యకారుడు ఉరికంబం ఎక్కాడు. మత్తయి 14లో హేరోదు జన్మదినాన బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్ళెంలోకి వచ్చింది. అబ్రాహాము, మోషే, దావీదు, పౌలు, వీళ్ళలో ఒక్కరి పుట్టినరోజు తారీఖైనా దేవుడు రాయించాడా? యేసుప్రభువు పుట్టిన తారీఖే రాయించలేదు. మరణాన్ని మాత్రం జ్ఞాపకం చేసుకోమన్నాడు, అదీ రొట్టె, ద్రాక్షారసంతో.

ఇది మన పెద్దలు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే సంఘ పండితుడు లేవీయకాండం మీద ప్రసంగిస్తూ పుట్టినరోజుకి సంబరపడేది ఫరో, హేరోదులాంటి పాపులే అన్నాడు. ద్వితీయోపదేశకాండము 12:30లో దేవుడు స్పష్టంగా చెప్పాడు, ఆ జనాలు తమ దేవుళ్ళని ఎలా కొలిచారో ఆరా తీసి మేమూ అలాగే చేస్తామనొద్దని. ఇంకా ఏం కావాలి?

మాకు ముగ్గురు పిల్లలు. ఎవరికీ చెయ్యం. ఆ రోజు కూడా మిగతా రోజుల్లాగే పొద్దున్నే ప్రార్థన చేసుకుంటాం. పిల్లలు చిన్నబుచ్చుకుంటారంటారు గానీ మా వాళ్ళెప్పుడూ అడగలేదు.

చరిత్ర పిచ్చోడు

అక్కా, మీ మరిది పంపించే వాటిలో సగం గాలివార్తలు, పావు సగం నిజాలు, మిగతా పావు మీద చరిత్రకారులే ఇంకా కొట్టుకుంటున్నారు. విడివిడిగా చెప్తా, నాకు ఇదొక పిచ్చి.

ముందు ఫరో, హేరోదు. విందులో ప్రాణం పోయింది కాబట్టి పుట్టినరోజు తప్పంటే విందులన్నీ మానెయ్యాలి, బబులోను రాజు బెల్షస్సరు పోయింది కూడా విందు రాత్రేగా (దానియేలు 5). హేరోదు చేసిన పాపం పదిమంది ముందు ఒట్టేసి, పరువు కోసం నిర్దోషి తల నరికించడం. పైగా ఏ యోహాను తల పోయిందో ఆ యోహాను గురించే దేవదూత, అతను పుట్టినందుకు చాలామంది సంతోషిస్తారని ముందే చెప్పాడు, లూకా 1:14. ఒక బిడ్డ పుట్టాడని సంతోషించడం పాపమైతే దూత ఆ మాట ఎందుకంటాడు? ఓరిజెన్ మాట నిజమే, బ్రదర్ తప్పు చెప్పలేదు. కానీ అది ఓరిజెన్ అభిప్రాయం, ఆజ్ఞ కాదు.

డిసెంబర్ 25. బైబిల్లో లేదు, అందరికీ తెలిసిందే. సుమారు 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంట్ అనే సంఘ పండితుడు తన కాలంలో జనం అనుకునే తారీఖులు కొన్ని రాశాడు, వాటిలో డిసెంబర్ 25 లేనే లేదు. ఆ తారీఖు మనకి తేటగా కనిపించేది రోములో 354లో తయారైన ఒక పంచాంగంలాంటి పుస్తకంలో. తమాషా ఏంటంటే అదే పుస్తకంలో అదే రోజున 'అజేయుడి' పుట్టినరోజు అని కూడా ఉంది, అంటే సూర్యుడు. ఆరీలియన్ చక్రవర్తి 274లో ఆ సూర్యదేవుడికి రోములో గుడి కట్టించాడు. దీన్ని పట్టుకునే సంఘం సూర్యుడి పండగ మీద క్రీస్తు పండగ కప్పేసింది అంటారు.

రెండో వాదన ఇంకోలా ఉంటుంది. ఆరీలియన్‌కి చాలా ముందే టెర్టూలియన్ లాంటి తొలి సంఘ రచయితలు ప్రభువు సిలువ వేయబడింది మార్చి 25న అని లెక్కగట్టారు. ఆయన గర్భంలో పడిన రోజు, చనిపోయిన రోజు ఒకటే అని అప్పట్లో ఒక నమ్మకం, అగస్టీన్ కూడా ఆ సంగతి రాశాడు. మార్చి 25కి తొమ్మిది నెలలు కలిపితే ఎక్కడ తేలుతుందో వేళ్ళమీద లెక్కపెట్టుకోండి. నాకైతే ఈ వాదనే బలంగా కనిపిస్తుంది, కానీ కోర్టులో ప్రమాణం చెయ్యమంటే చెయ్యను. శాటర్నేలియా అని ఇంకొకటి తిప్పుతారు, అది డిసెంబర్ 17 నుంచి 23 దాకా జరిగే రోమావాళ్ళ పండగ, 25ని తాకదు కూడా.

ఇష్తార్ సంగతి మాత్రం పచ్చి అబద్ధం. 1858లో అలెగ్జాండర్ హిస్లాప్ అనే స్కాట్లండు పాస్టరు పుస్తకం రాసి, పేరు వినడానికి దగ్గరగా ఉందని చుట్టరికం కలిపాడు. ఆ లెక్కన రాముకీ రోముకీ కూడా కలపొచ్చు. ఈస్టర్ అనేది ఇంగ్లీషువాళ్ళ పేరు. 725లో బీడ్ అనే సన్యాసి తమ దేశంలో ఆ నెలకి ఎయోస్ట్రె అనే దేవత పేరు ఉండేదని రాశాడు, ఆమె గురించి ఉన్న పాత ఆధారం ఆ ఒక్క ముక్కే. గ్రీకువాళ్ళు ఆ పండగని పస్కా అంటారు, మన పెద్దలు పునరుత్థాన పండగ అంటారు. పేరు ఇంగ్లండులో అంటుకుంది గానీ పండగ అంతకంటే చాలా పాతది.

క్రిస్మస్ చెట్టు తప్పనడానికి యిర్మీయా 10 చూపిస్తారు. ఆ అధ్యాయం ఇంకో రెండు వచనాలు కిందికి చదవండి, చెట్టు నరికి, చెక్కి, వెండి బంగారాలు అద్ది, కదలకుండా మేకులు కొట్టడం ఉంది. అది విగ్రహం తయారీ. చెట్టు అలంకరించడం 16వ శతాబ్దంలో జర్మన్లు ఉండే ప్రాంతాల్లో మొదలైన అలవాటు.

ఇంక పేర్ల దగ్గర మొదలు వెతికితే ఎక్కడా ఆగలేం. ఆదిత్యుడి పేరున్న ఆదివారం నాడే కదా అందరం మందిరానికి వెళ్తున్నాం? జనవరి అంటే జేనస్ అనే రోమా దేవుడు. ఆ నెలని ఎవరూ బహిష్కరించలేదు.

అలాగని మీ పెదనాన్నగారిని తేలిగ్గా తీసెయ్యకండి. నర్సాపురం బ్రదరన్ అంటే 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ కాలం నాటి వేర్లు. క్రిస్మస్ వద్దన్నవాళ్ళు చరిత్రలో తక్కువేం లేరు. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే నిష్ఠాపరులైన ప్రొటెస్టెంట్లు క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో ఎత్తేశారు. స్కాట్లండులో డిసెంబర్ 25కి ప్రభుత్వ సెలవు వచ్చిందే 1958లో. ఇటు మన దగ్గర చూస్తే మెదక్ చర్చిని ప్రతిష్ఠించిందే 1924 డిసెంబర్ 25న. బైబిలు ఒకటే, చదివినవాళ్ళు ఎటువాళ్ళు అటు.

ఎల్‌బీనగర్ కుర్రాడు

మరి డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్‌లో పళ్ళెంలోంచి బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకోవడం ఏ ఖాతాలో వేద్దాం? కళ్ళు మూసుకుని తీస్తాం, ఏడాదంతా ఫ్రిజ్ మీద అంటిస్తాం, మంచిది రాకపోతే మా అక్క ఇంకొకటి తీస్తుంది. చిలక ఒక్కటే తక్కువ.

కనిగిరి మాస్టారు

అమ్మాయీ, నేను రిటైరైన టీచర్ని, మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టులం. రోము, బబులోను సంగతి బాబు బాగా చెప్పాడు. నేను మా ఊరి సంగతి చెప్తా, ఎందుకంటే మన పెద్దలు అన్యాచారం అన్న మాట రోముని చూసి నేర్చుకోలేదు.

1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య దగ్గర్నుంచి మా వైపు మాదిగ పల్లెలు వరసగా క్రైస్తవంలోకి వచ్చాయి. ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొర పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి చిన్న మాటలు. కానీ ఊళ్ళో పోలేరమ్మ కొలుపులు వచ్చాయంటే డప్పు కొట్టాల్సింది మావాళ్ళే, దున్నపోతు దగ్గర వెట్టి చెయ్యాల్సిందీ మావాళ్ళే. మొక్కొద్దు అంటే డప్పు కొట్టొద్దు అని అర్థం. డప్పు కొట్టం అంటే ఊరంతటికీ ఎదురు తిరిగినట్టు. కరణం, మునసబు ఊరుకుంటారా? బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్లో ఉప్పు అమ్మలేదు, పొలం పనికి పిలవలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత కరువొచ్చింది, కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు.

మా తాత డప్పు దించేసిన మనిషి. మా నాన్న ఇంట్లోకి డప్పు రానిచ్చేవాడు కాదు, పెళ్ళికైనా సరే బ్యాండు మేళమే. మాకు 'పండగ' అంటే అరిసెలూ ముగ్గులూ కాదు, ఊరి ముందు నిలబడి వెట్టి చేసే రోజు. ఆ రోజు పోవాలని వాళ్ళు ఆకలికి ఓర్చుకున్నారు. అందుకని మా వైపు ముసలోళ్ళు ఎవరైనా "ఇది అన్యుల పండగ, మనకొద్దు" అంటే నేను గ్రీకు, లాటిన్ తీసి వాదించను, ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు.

ఇప్పుడు రెండో సగం వినండి. నాలుగేళ్ళ క్రితం క్రిస్మస్ ముందు రాత్రి మా చర్చి కుర్రాళ్ళు క్యారల్స్‌కి వచ్చారు. ముందు నడుస్తున్నది మా మనవడు. మెడలో డప్పు. నాకు గుండె గుభేలుమంది, మా నాన్న సమాధిలో పక్కకి తిరిగి ఉంటాడనుకున్నా. రెండో పాటకి చూసుకుంటే నా కాలు దానంతటదే దరువేస్తోంది. వాణ్ణి ఎవరూ కొట్టమని గదమలేదు, జీతం బత్తెం లేని వెట్టి కాదు, వాడికి ఇష్టమై కొట్టుకుంటున్నాడు. అదే తోలు, అదే పుల్ల. మా తాత కొట్టనన్నదీ అదే, వాడు కొడుతున్నదీ అదే. ఇద్దరిలో ఎవరు తప్పంటే నేను చెప్పలేను, నన్నడిగితే ఇద్దరూ సరిగ్గానే చేశారు. మధ్యలో మాత్రం నూరేళ్ళ పైన పట్టింది.

వాక్యమే దీపం

మాస్టారూ, వందనాలు. మీరు చెప్పింది చదివి కళ్ళు చెమర్చాయి. కానీ మీ తాతగారు నా వైపే కదా?

కనిగిరి మాస్టారు

మా తాత మీ వైపే నాయనా. మనవడు కాదు. నేను మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్క మాట అడుగుతా, మీ ఇంట్లో ఎవరైనా ప్రభువులో నిద్రిస్తే పదకొండో రోజునో ఎప్పుడో ఆదరణ కూడిక పెట్టి భోజనాలు పెట్టరా? ఆ రోజుల లెక్క బైబిల్లో ఏ పత్రికలో ఉంది?

వాక్యమే దీపం

పెడతాం. దాని గురించి నేనూ మా సంఘంలో అడిగాను, సరైన జవాబు రాలేదు. ఒప్పుకుంటున్నా.

తులసికోట దాటి వచ్చాను

అక్కా, మీ భోగిపళ్ళ విషయం గురించి నేను రాస్తాను, మిగతావాళ్ళు దాన్ని వదిలేశారు కాబట్టి.

నేను పెళ్ళికి ముందు, ఇరవై రెండేళ్ళప్పుడు యేసుని నమ్ముకున్నాను. మా అమ్మ ఇప్పటికీ శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేస్తుంది. మీలా పుట్టుకతో క్రైస్తవులైనవాళ్ళకి రేగుపండు రేగుపండే. నాకు అలా కాదు. ఆ పళ్ళెం, ఆ పసుపు నీళ్ళ వాసన, తాంబూలంలో నానిన శనగలు, ఇవి చూస్తే నా చెయ్యి దానంతటదే దణ్ణం పెట్టబోతుంది. భోగిపళ్ళు సూర్యుడి పేరు మీద పోస్తారని, పిల్లలకి దిష్టి పోతుందని నాకు మా అమ్మమ్మ చెప్పింది, నేను నమ్మాను కూడా. అందుకే నేను మా బాబుకి పోయనివ్వను. పౌలు 1 కొరింథీయులకు 8లో బలహీనమైన మనస్సాక్షి అన్నాడే, అది నేనే. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది, అయినా అది నేనే.

అదే పౌలు 10వ అధ్యాయంలో, ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తిను, ఆరా తియ్యకు అన్నాడు, ఇది అర్పించినదని ఎవరైనా చెప్తే మాత్రం చెప్పినవాళ్ళ కోసం తినకు అన్నాడు. మీ పక్కింటి పిన్నిగారు పాపకి ప్రేమగా పోసేశారు, మీరు మొక్కలేదు, అడిగి పోయించుకోలేదు. నిలబడిపోయినందుకు మిమ్మల్ని నేనైతే తప్పు పట్టను. వచ్చే ఏడు ఏం చేస్తారో అది వేరే, కావాలంటే ఆవిడకి ముందే నెమ్మదిగా చెప్పుకోండి, అరిసెలు మాత్రం తీసుకోండి. సిరియా సేనాధిపతి నయమాను గుర్తున్నాడా, 2 రాజులు 5:18, నా యజమాని రిమ్మోను గుడిలో నా చెయ్యి పట్టుకుని వంగితే నేనూ వంగాలి, దాన్ని క్షమించమని ఎలీషా ప్రవక్తని అడిగాడు. ఎలీషా లెక్చరివ్వలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు. మా అమ్మని గుడి మెట్ల దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బయట కూర్చున్న రోజుల్లో నాకు ఆ ఒక్క వచనమే దిక్కు.

ఇంకో సంగతి. పుట్టినరోజు నాకు అసలు సమస్యే కాదు. మా ఇంట్లో ఆ రోజు తలంటు, గుడికెళ్ళి అర్చన, అంతవరకే. కేకు అనేది నేను చర్చిలోనే మొదటిసారి తిన్నాను. నా దృష్టిలో కేకంటే పూర్తిగా క్రైస్తవ పదార్థం.

ఒకప్పటి సాక్షి

పై కామెంట్ చదివి నవ్వాను. మేము యెహోవాసాక్షుల కుటుంబం, సికింద్రాబాద్. ఇప్పుడు నేను వేరే సంఘానికి వెళ్తున్నా, అమ్మానాన్న ఇంకా సాక్షుల కూడికలు జరిగే రాజ్యమందిరానికే వెళ్తారు, మా మధ్య గొడవల్లేవు.

చిన్నప్పుడు క్లాసులో ఎవరి పుట్టినరోజైనా చాక్లెట్లు పంచుతారు కదా, నేను తీసుకునేవాణ్ణి కాదు, నా పక్కనోడు రెండు తినేవాడు, అందుకే వాడికి నేనంటే ఇష్టం. మా నాన్న మాత్రం ఏ సందర్భం లేకుండా ఏదో ఒక మంగళవారం సాయంత్రం బ్యాటో బొమ్మో తెచ్చేవాడు, "ఇవాళ ఏంటి నాన్నా" అంటే "ఏం లేదు, నువ్వున్నావుగా" అనేవాడు. చెయ్యకపోతే పిల్లలు ఏదో కోల్పోతారన్నది అన్ని ఇళ్ళల్లో నిజం కాదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, సాక్షులు కూడా మొదట్నుంచీ ఇలా లేరు. బ్రూక్లిన్‌లోని వాళ్ళ అప్పటి ప్రధాన కార్యాలయంలో 1926 దాకా క్రిస్మస్ చేసుకున్నారు, తర్వాత మానేశారు. ఇప్పుడు వాళ్ళకి ఏడాదికి ఒకటే, యూదుల నీసాను నెల 14న ప్రభువు మరణ జ్ఞాపకార్థ ఆచరణ. నాకు పెళ్ళై ఆరేళ్ళు, మా ఆవిడ నా పుట్టినరోజుకి కేకు తెస్తే ఇప్పటికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. సిద్ధాంతం పోయింది, అలవాటు పోలేదు.

డల్లాస్ అన్న

మా ఇక్కడ తంటా వేరు, అక్టోబర్ 31, హాలోవీన్. పిల్లలు స్కూల్లో దయ్యం వేషాలు వేసుకొస్తారు. మా తెలుగు సంఘంలో ఆ సాయంత్రం కోత పండగ అని పేరు పెట్టి పిల్లలకి దావీదు, ఎస్తేరు వేషాలు వేయించి చాక్లెట్లు పంచుతాం. ఎస్తేరు అనగానే గుర్తొచ్చింది, యూదుల పూరీము పండగ మోషే ధర్మశాస్త్రంలో లేదు, తర్వాత పెట్టుకున్నదే. యోహాను 10:22లో యేసుప్రభువు దేవాలయంలో ఉన్న ఆలయ ప్రతిష్ఠిత పండగ కూడా అంతే, మక్కబీయులనే యూదా యోధుల కాలంలో వచ్చింది. ఆజ్ఞ లేదు కాబట్టి వద్దు అనేవాళ్ళు అది ఒకసారి చూడాలి.

భీమవరం పిన్ని

ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ అసలు సంగతి అడగలేదు. అమ్మాయీ, ఫంక్షన్ హాలు ఎంత? ఎంతమందిని పిలుస్తున్నారు? మా చెల్లెలు వాళ్ళ వాడి మొదటి పుట్టినరోజుకి బెలూన్ల డెకరేషన్, రిటర్న్ గిఫ్టులు, లైవ్ మ్యూజిక్, రెండు లక్షలు అప్పు చేసింది, ఆ అప్పు తీరేసరికి వాడికి మూడేళ్ళు. వాడు ఆ రోజంతా నిద్రపోయాడు, ఫొటోల్లో కూడా కళ్ళు మూసుకునే ఉంటాడు. సూర్యదేవుడు ఎప్పుడో పోయాడు, ఈ హాలువాళ్ళు బతికే ఉన్నారు.

రెండో ప్రశ్న. పాప బుగ్గ మీద దిష్టిచుక్క పెడుతున్నారా లేదా? నిజం చెప్పు.

కొవ్వూరు కోడలు

పిన్నీ దొరికిపోయాను. పెడుతున్నాం, అరికాలికి కూడా. మా పెదనాన్న మనవడికీ ఉంటుంది, చుక్కే కాదు, మొలతాడు కూడా. నిన్న ఫోన్లో ధైర్యం చేసి అడిగాను, "అది మీ పెద్దమ్మ పని" అన్నారు. తర్వాత ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆయన అలా నవ్వగా విని ఎన్నాళ్ళైందో.

అందరికీ థ్యాంక్స్. మాస్టారిగారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను, అత్తగారు వంటింట్లోంచి వచ్చి మళ్ళీ మొదట్నుంచి చదవమన్నారు. వాళ్ళ పుట్టిల్లు కూడా పల్నాడు వైపు, వాళ్ళ ముత్తాత గురించి ఇలాంటిదే ఏదో చెప్పేవారట, ఎప్పుడూ మాతో అనలేదు. "మీ పెదనాన్న తప్పు మనిషి కాదులే" అన్నారు. ఆ మాట ఆవిడ నోట వచ్చిందంటే నాకు సగం పండగ అయిపోయినట్టే.

హాలు వద్దనుకున్నాం, అడ్వాన్స్‌లో సగం పోతుంది, మామగారు కాస్త గొణిగారు. ఇంట్లోనే, మేడ మీద షామియానా, రెండు వైపులా కలిపి నలభై మంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, వాక్యం మాత్రం పెదనాన్న చెప్తారు. ఆయన ఏ వచనం తీస్తారో అని మా ఆయనకి ఇప్పట్నుంచే భయం, ఫరో దగ్గరే మొదలుపెడతారేమో అని. పెదనాన్న ఒక్కటే చెప్పారు, "కృతజ్ఞత కూడికకి వస్తానమ్మా, కేకు దగ్గర మాత్రం నేనుండను. ఉన్నానని సంఘంలో చిన్నవాళ్ళకి తెలిస్తే, పెద్దాయనే చేసుకుంటున్నాడు కదా అంటారు." ఆయన మాట నాకు అర్థమైంది. అత్తగారేమో కేకు లేకుండా కుదరదంటున్నారు, అదీ అర్థమైంది. ఆయన్ని లేచి వెళ్ళమన్నట్టు కాకుండా ఎలా సర్దాలో తెలియట్లేదు. పిన్నిగారి భోగిపళ్ళ సంగతి పెదనాన్నకి ఇంకా చెప్పలేదు, చెప్తానో లేదో కూడా తెలియదు. పిన్నిగారిని మాత్రం పిలిచాను.

భీమవరం పిన్ని

ఇందులో సర్దడానికేముంది. ప్రార్థన అవ్వగానే ముందు భోజనాలు పెట్టెయ్యి, పెద్దాయనకి మొదటి పంక్తి. ఆయన తిని, పాపని ఎత్తుకుని ముద్దులాడి, బస్సెక్కాక కేకు కొయ్యండి. నర్సాపురం ఆఖరి బస్సు ఎన్నింటికి?

కొవ్వూరు కోడలు

తెలీదు పిన్నీ, కనుక్కుని చెప్తా.